సప్తాశ్వములు – సప్తవర్ణములు

శ్రీకాకుళమునకుఁ జేరువనున్న అరసవల్లి సూర్యనారాయణక్షేత్రము కళింగదేశమున సుప్రసిద్ధము. తూర్పుగాంగరాజగు దేవేంద్రవర్మ దానిని గట్టించెనని స్థలప్రతీతి. రథసప్తమినాఁడు అచటికి జనులు వేలకొలఁది చేరుదురు. సప్తాశ్వరథారూఢుఁడగు ఆ దేవుని ప్రస్తావన వచ్చినప్పుడు ఉపన్యాసములందును పాఠశాలలందును ఒక మాట తఱచుగా వినవచ్చుచుండును: సూర్యుని యేడు గుఱ్ఱములు ఇంద్రధనుస్సునందలి యేడు రంగులే యనియు, పాశ్చాత్యులు పట్టకముచేఁ గనుఁగొన్న విషయమును మన పూర్వులు ముందే యెఱిఁగి యిట్లు రూపించిరనియు. ఈ మాట వినుట కింపైనది. అయినను ఇంపు వేఱు, ప్రమాణము వేఱు.

మొదట శబ్దములను విచారింపవలయును. అమరసింహుఁడు సూర్యనామములలో సప్తాశ్వ, హరిదశ్వ శబ్దములను బక్కపక్కనే పఠించెను. మొదటిది సంఖ్యను జెప్పును. రెండవది వర్ణమును జెప్పును. హరిత్తనఁగాఁ బసుపునకును ఆకువన్నెకును నడుమ వర్తించు ఛాయ. గుఱ్ఱము లేడైనను వాని వన్నె యొకటియే యని దీని తాత్పర్యము. ఋగ్వేదము ప్రథమమండలము 50వ సూక్తమునను సూర్యరథమును లాగు నేడింటికి హరిత్తులనియే పేరు. ఏడు గుఱ్ఱములకు నేడు రంగు లభిమతములైనచో ఈ నామము పొసఁగదు.

ఆ యేడింటికిఁ బురాణము చెప్పిన యర్థము వేఱే యున్నది. విష్ణుపురాణము ద్వితీయాంశమున గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి యను ఛందస్సులే సూర్యాశ్వములని స్పష్టముగాఁ జెప్పఁబడినది. పౌరాణికుఁ డందుఁ జూచినది రంగును గాదు, వాక్కును. ఛందస్సు వెలుఁగును మోయునన్న యీ భావన రంగుల కథకంటె నేమాత్రమును దక్కువ రమ్యము గాదు.

పూర్వపక్షమునకు రెం డాధారములు గలవు. ఋగ్వేదము ప్రథమమండలము 164వ సూక్తమున ఏకచక్రరథమును సప్తనామకమగు నొకే యశ్వము లాగునని యున్నది. తెల్లని వెలుఁ గొక్కటియే యేడుగా విడుటకు ఇది సంకేతమని కొందఱందురు. కాని మంత్రము నామము లేడనినదే కాని వన్నె లేడనలేదు. ఆ సూక్తమునందే యేడుగురు పుత్రులు, ఏడుగురు సోదరీమణులు, ఏడు గోవులు కానవత్తురు. అన్నిటికిని రంగులను గట్టుట సాధ్యము గాదు. ఇఁక పురాణములందలి సుషుమ్నాది సప్తరశ్ములు చంద్రునికిని నక్షత్రగ్రహములకును బోషకములుగా విభజింపఁబడినవి గాని వర్ణభేదముచే విభజింపఁబడలేదు.

నిజముగా శ్లాఘింపఁదగినవాఁడు క్రీ. శ. 6వ శతాబ్దమునందలి వరాహమిహిరుఁడు. సూర్యుని నానావర్ణకిరణములు గాలిచేఁ జెదరి, మబ్బుగల యాకసమున వింటి యాకృతిఁ దోఁచుటయే ఇంద్రధనుస్సని యాతఁడు బృహత్సంహితలోఁ జెప్పెను. రంగులు కిరణములయందే యున్నవను తలంపు గొప్పది. కాని యాతఁడు కారణమును గాలికిఁ గట్టెను. రంగులను ఏడని లెక్కింపలేదు. కిరణము నీటిబొట్టునఁ జొచ్చునపుడు వంగి, లోపలఁ బ్రతిఫలించి, మరల వంగి వెలువడుననియు, అందుచేత విల్లు సుమారు 42 డిగ్రీల కోణమునఁ గానవచ్చుననియు డెకార్తు 1637లో వివరించెను. రంగు రంగునకు వంపు భేదించునని న్యూటను 1672లోఁ బ్రకటించెను.

ఆ న్యూటనుయొక్క యేడును బ్రకృతిసిద్ధము గాదు. ఆతఁడు మొదట ముఖ్యవర్ణములను ఐదుగా నెంచి, పిదప సంగీతస్వరములతోఁ బోల్చుటకై మఱి రెండు చేర్చెను. హరివింటియందు ఒక రంగు ముగిసి వేఱొకటి మొదలగు గీఁత లేదు. పురాణముల యేడు ఛందస్సునుండియు, న్యూటను యేడు స్వరమునుండియు వచ్చినవి. రెండిటి సామ్యము సంఖ్యాప్రీతియందే కాని వర్ణజ్ఞానమునందుఁ గాదు.

తెనుఁగు పలుకుబడియు నిందుకు సాక్షి. పచ్చకామెర్లలోని పచ్చ పసుపు. పచ్చికలోని పచ్చ ఆకువన్నె. ఒక్క మాట చాలినచోట పాఠ్యపుస్తకము రెండు రంగులను వేఱుపఱుపవలసి వచ్చి ఆకుపచ్చ యనెను. నారింజను బండు పేరినుండియు, ఊదాను హిందుస్థానీనుండియుఁ దెచ్చుకొనెను. లెక్క భాషను బట్టియు మాఱునని విద్యార్థికిఁ జెప్పుట లాభకరము.

పూర్వుల యెఱుకను గొనియాడఁదలఁచువారికి అరసవల్లియందే వేఱొక నిదర్శనము గలదు. మార్చి, అక్టోబరు మాసములఁ గొన్ని దినములందు, ఆకసము నిర్మలమైనచో, ఉదయకిరణములు మూర్తిపాదములను దాఁకును. ఆలయమును నిలిపినవారి దిక్సాధనకు ఇది కంటి కగపడు సాక్ష్యము. దీనికి వ్యాఖ్యానము కల్పింపఁ బనిలేదు. లేని కీర్తిని వేదమున కంటఁగట్టిన బోధకుఁడు ఉన్న కీర్తిని వరాహమిహిరునికిని స్థపతులకును గోల్పఱచును. బాలు రట్లు రెండు విధముల నష్టపోవుదురు.