గుడ్డ కింద చేతులు

నాన్నతో కలిసి మొదటిసారి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లినప్పుడు నాకు పదకొండేళ్లు. ప్రత్తిపాడు నుంచి తెల్లవారకముందే టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చుని బయల్దేరాం. యార్డులో ఒక టిక్కీ కోసి గుప్పెడు కాయలు బయటికి లాగారు. కొనుగోలుదారు ఒక కాయ విరిచి గింజలు రాల్చి చూశాడు. తర్వాత అతని చెయ్యీ కమీషన్ కొట్టాయన చెయ్యీ కలిశాయి. వాటి మీద తువ్వాలు పడింది. గుడ్డ కింద వేళ్లు కదులుతున్నాయి. బేరం సాగుతోంది, మాట మాత్రం లేదు. ఆ కొనుగోలుదారు వెళ్లాక ఇంకొకాయన వచ్చాడు, ఆ తర్వాత మూడో ఆయన. చివరికి కొట్టాయన రేటు చెప్పాడు.

"మిగతా ఇద్దరూ ఎంతన్నారయ్యా?" అని నాన్న అడిగాడు.

"అందరిలోకీ ఎక్కువకే ఇచ్చాం బాబాయ్" అన్నాడాయన.

నాన్నకు ఆయన మీద అనుమానమేమీ లేదు. కానీ అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. ఇంటికి వచ్చే దారంతా ఆ మాటే తలుచుకున్నాడు.

ఇప్పుడు నా పని వెబ్‌సైట్లు తయారుచెయ్యడం. వాటికి ఇంటర్నెట్ చిరునామా పేర్లు (డొమైన్లు) కొనిపెడుతుంటాను. సొంతదారు గడువులోగా డబ్బు కట్టకపోతే ఆ పేరు చాలాసార్లు ఆన్‌లైన్ వేలానికి వస్తుంది. మొన్న మా వీధిలో పచ్చళ్ల వ్యాపారం చేసే పిన్ని కోసం అలాంటి ఒక పేరు పాడాను. ఈ పాటల్లో ఒక సదుపాయం ఉంది: మన గరిష్ఠ పరిమితి ముందే రాసిపెట్టొచ్చు. ఎదుటివాడు పెంచినప్పుడల్లా యంత్రమే మన తరఫున ఒక్కో మెట్టు ఎక్కుతుంది. పిన్ని ఇరవై వేలు దాటొద్దంది. "పాటదారు 2" అని కనిపించిన ఒకరు మెట్టు మెట్టుగా ఎక్కుతూ, సరిగ్గా మా పరిమితికి ఒక్క మెట్టు కింద ఆగిపోయారు. పేరు మాకే వచ్చింది, దాదాపు పెట్టుకున్న డబ్బంతా పోసి.

"ఆ రెండో ఆయన ఎవర్రా?" అని పిన్ని అడిగింది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అతను నిజంగా ఆ పేరు కావాలనుకున్న మనిషే కావచ్చు. తెలుసుకునే దారి లేకపోవడమే నా బాధ.

అలాగని పాటదారుల పేర్లన్నీ బయటపెట్టాలని నేను అనను. మన ఊళ్లలో చెరువు పాట చూసినవాళ్లకు కారణం తెలుసు. రచ్చబండ దగ్గర అందరూ అందరికీ కనపడతారు. ఊళ్లో పెద్దాయన "నాదొక ఐదు వేలు" అన్నాడంటే, అతని పొలం కౌలుకు చేసేవాడు నోరు తెరవలేడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పాట అంతా బహిరంగమే, పోటీ మాత్రం లేదు. అక్కడ ముఖం కనపడకపోతేనే చిన్నవాడికి ధైర్యం వస్తుంది. పేర్ల వేలంలోనూ అంతే. అనుభవమున్నవాడు పాడాడని తెలిస్తే పదిమంది వెంటపడతారు. కొత్తగా వ్యాపారం పెట్టబోయేవాడి ఆలోచన పోటీదారుకు ముందే తెలిసిపోతుంది. కొనేవాడి గుట్టు కొనేవాడికి హక్కే.

అయితే ఆ గుడ్డ కింద ఇంకెవరు దూరుతున్నారన్నదే అసలు ప్రశ్న. 2009 నవంబరులో స్నాప్‌నేమ్స్ అనే అమెరికా పేర్ల వేలం సంస్థ ఒక విషయం ఒప్పుకుంది. తమ ఉద్యోగే ఒకరు 2005 నుంచి "హల్వారెజ్" అనే మారుపేరుతో తమ వేలాల్లో పాడుతున్నాడని, సుమారు 5 శాతం పాటల మీద ఆ ప్రభావం పడిందని చెప్పింది. నష్టపోయినవాళ్లకు వడ్డీతో సహా డబ్బు తిరిగిస్తామంది. ఇందులో నేను నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఆ మారుపేరు ప్రతి పాటలోనూ అదే. అందుకే దానితో పోటీపడ్డవాళ్లకు అది గుర్తుండిపోయింది. మనిషి ఎవరో తెలియకపోయినా అడుగుజాడ మిగిలింది. ఒక్కో పాటకు ఒక్కో కొత్త అంకె ఇచ్చి ఉంటే ఆ జాడ కూడా ఉండేది కాదు.

గుడ్డ కింద దూరే దారి ఇంకొకటీ ఉంది. 2016 జులైలో ".వెబ్" అనే చిరునామా తోకను నడిపే హక్కుకు వేలం జరిగితే నూ డాట్ కో అనే చిన్న కంపెనీ 13.5 కోట్ల డాలర్లకు పాడింది. ".కామ్"ను నడిపే వెరిసైన్, ఆ డబ్బు తనదేనని కొద్దిరోజులకే ప్రకటించింది. వివాదం ఏళ్ల తరబడి నడిచింది. పాట ఒకరిది, పైకం ఇంకొకరిది. బినామీ అన్న మాటను మన పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

రైతు సరుకును ఆన్‌లైన్‌లో వేలం వేసే జాతీయ మార్కెట్ ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న మొదలైంది. అందులో నాకు నచ్చింది కొనేవాడి గుట్టుకూ అమ్మేవాడి హక్కుకూ మధ్య ఉన్న సమతూకమే. పాట నడిచేటప్పుడు ఒక వ్యాపారి ధర మరొకరికి కనపడదు. పాట ముగిశాక రైతు ఫోనుకు ధర సందేశం వస్తుంది. నచ్చకపోతే సరుకు ఇవ్వనని రైతు చెప్పొచ్చు. గుట్టు పాట పూర్తయ్యేదాకే. ఆ తర్వాత ధర చెప్పాల్సిందే, కాదనే హక్కు ఇవ్వాల్సిందే.

పేర్ల వేలం నడిపేవాళ్లను నేను అడిగేదీ అదే. పాటదారు పేరు దాచండి, కానీ అన్ని పాటల్లోనూ ఒకే గుర్తు ఇవ్వండి. పాట ముగియగానే ఎవరు ఏ నిమిషంలో ఎంత పెంచారో అందరికీ చూపండి. నా గరిష్ఠ పరిమితి చూడగలిగిన మనిషి ఎవరూ ఆ పాటలో పాడకూడదు, దాన్ని బయటివాళ్లు తనిఖీ చెయ్యాలి. పాడేవాడు వేరొకరి డబ్బుతో పాడుతుంటే వేలం నడిపేవాళ్లకైనా ఆ సంగతి ముందే తెలియాలి.

ఒక పని మాత్రం నా చేతుల్లో ఉంది. ఎవరి కోసం పాడినా ప్రతి మెట్టునూ, అది పడిన సమయాన్నీ ఒక కాగితం మీద రాసి వాళ్లకిస్తున్నాను. పిన్నికీ ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కిందిదాకా వేలుతో గీస్తూ చదివింది. "పాటదారు 2" దగ్గర కాసేపు ఆగి, కాగితం మడిచి బీరువాలో పెట్టుకుంది.

ఆ రోజు నాన్న చేతికి వచ్చిన పట్టీ మీద మా రేటు ఒక్కటే ఉంది. దాని కింద ఇంకో రెండు అంకెలు ఉంటే, ప్రత్తిపాడు దాకా ఆ ప్రశ్న మోసుకుంటూ రావాల్సిన పని ఆయనకు ఉండేది కాదు.