మయామీ రేవులో పది గంటలు

'ఐకాన్ ఆఫ్ ది సీస్' గురించి రాసినవాళ్ళంతా ముందు దాని కొలతలే రాశారు. 365 మీటర్ల పొడవు, ఇరవై అంతస్తులు, 2,48,663 గ్రాస్ టన్నేజి, 7,600 మంది దాకా ప్రయాణికులు, వాళ్ళను చూసుకోవడానికి 2,350 మంది సిబ్బంది. రాయల్ కరీబియన్ కంపెనీ కోసం ఫిన్లాండ్‌లోని తుర్కులో మేయర్ వారు కట్టిన ఈ ఓడ 2024 జనవరిలో మయామీ నుంచి తొలి యాత్రకు బయలుదేరింది. దాని నీళ్ళ జారుడుబండలు, ఈత కొలనులు, మంచు మీద ఆటలు ఫోన్లలో చూడనివాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఈ ఓడ అసలు పనితనం అది ఎక్కడికీ వెళ్ళని రోజున, శనివారం నాడు, మయామీ బెర్తులో కట్టేసి ఉన్నప్పుడు కనిపిస్తుంది.

ఆ రోజును ఓడవాళ్ళు టర్నరౌండ్ డే అంటారు. వారం రోజులు కరీబియన్ దీవులు చుట్టొచ్చిన జనం పొద్దున్నే దిగిపోవాలి. దాదాపు అంతే మంది కొత్తవాళ్ళు ఎక్కాలి. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ కదలాలి. మూఢం వచ్చేముందు చివరి ముహూర్తాల్లో కల్యాణమండపం నడిపేవాళ్ళకు ఈ అవస్థ బాగా తెలుసు: పొద్దుటి పెళ్ళివారి విస్తళ్ళు ఎత్తకముందే రాత్రి పెళ్ళివారి వంట సామాను గుమ్మంలో దిగుతుంది. ఇక్కడ పెళ్ళివారు ఏడు వేల మంది, అదీ ప్రతి వారం.

పని శుక్రవారం రాత్రే మొదలవుతుంది. పెద్ద పెట్టెలకు ట్యాగు కట్టి పడుకునే ముందు గది బయట పెట్టమంటారు. అర్ధరాత్రి నడవాల్లో వేల పెట్టెలు పోగవుతాయి. వాటిని సిబ్బంది లిఫ్టుల్లో కింది డెక్కుకు దించి, ట్యాగు ప్రకారం చక్రాల ఇనుప బోనుల్లో సర్దుతారు. తొందరగా విమానం ఎక్కాల్సినవాళ్ళవి ముందు దిగాలి, తీరిక ఉన్నవాళ్ళవి తర్వాత. రాత్రి ఈ వరస తప్పితే పొద్దున టెర్మినల్‌లో జనం పెట్టెల కోసం నిలబడిపోతారు. వాళ్ళు కదలకపోతే వెనకవాళ్ళు దిగరు.

తెల్లవారకముందే తీరానికి ఇంకా కొంత దూరంలో పైలట్ పడవ ఓడ పక్కకు చేరుతుంది. బిస్కేన్ బే పైలట్లలో ఒకరు తాడు నిచ్చెన పట్టుకుని, కదులుతున్న ఓడ పక్కనున్న తలుపులోంచి లోపలికి ఎక్కుతారు. ఎంత కొత్త ఓడైనా ఈ మనిషి వచ్చే దారి మాత్రం నిచ్చెనే. కెప్టెన్‌కు తన ఓడ తెలుసు, పైలట్‌కు ఆ నీళ్ళు తెలుసు. ఒక పక్క మయామీ బీచ్ కొస, మరో పక్క ఫిషర్ ఐలాండ్, మధ్యన 1905లో తవ్విన గవర్నమెంట్ కట్ అనే కాలువ. లోపలికి దారి అదే.

ఇక్కడ ఓడను నడిపే తీరు కాసేపు నిలబడి చూడదగ్గది. వెనక అడుగుభాగాన మూడు అజిపాడ్లు వేలాడుతుంటాయి. ఒక్కోదానిలో 20 మెగావాట్ల విద్యుత్ మోటారు, దానికే బిగించిన పంకా. మోటారూ పంకా కలిసి ఎటు కావాలంటే అటు తిరుగుతాయి కనుక వేరే చుక్కాని అక్కర్లేదు. 1990లో ఫిన్లాండ్‌లో 'సెయిలి' అనే చిన్న నౌకకు మొదట అమర్చిన ఈ పద్ధతి, 1998లో కార్నివాల్ వారి 'ఎలేషన్'తో క్రూజ్ ఓడల్లోకి వచ్చింది. ముందు భాగంలో అడ్డంగా తోసే థ్రస్టర్లున్నాయి. ఈ రెంటి బలంతో ఓడ ముందుకీ వెనక్కీ పోకుండా నేరుగా పక్కకు జరగగలదు. మామూలు వాతావరణంలో టగ్గుల, అంటే ఓడల్ని లాగే చిన్న పడవల, సాయం లేకుండానే బెర్తుకు చేరుతుంది. అప్పుడు కెప్టెన్ ఓడను నడిపే గది, అంటే బ్రిడ్జి, మధ్యలో ఉండడు. ఓడ అంచు దాటి బయటికి పొడుచుకువచ్చిన గది చివరన, వింగులో నిలబడతాడు. కాళ్ళ కింద గాజుపలకలోంచి చూస్తే ఓడ గోడా, దిగువన బెర్తు అంచూ రెండూ కనిపిస్తాయి. చేతిలో చిన్న జాయ్‌స్టిక్. అన్ని అంతస్తుల ఎత్తున్న ఓడ పక్కభాగాన్ని గాలి కొంచెం తోసినా ఆ తోపు అడుగుదాకా తెలుస్తుంది. గాలి తోసేలోపే దాని ఎదురు బలాన్ని చేత్తో ఇవ్వగలవాడే మంచి కెప్టెన్.

తర్వాత మోకులు. ఓడ నుంచి ముందు సన్నని తాడు విసురుతారు, చివర బరువైన ముడి ఉంటుంది. ఒడ్డున లైన్స్‌మెన్ దాన్ని అందుకుని లాగితే వెనకే లావు మోకు వస్తుంది. దాని ఉచ్చును బొల్లార్డుకు, అంటే ఒడ్డున పాతిన ఇనుప గుంజకు, తగిలిస్తారు. ముక్కు దగ్గరివి హెడ్ లైన్లు, వెనకవి స్టెర్న్ లైన్లు, అడ్డంగా కట్టేవి బ్రెస్ట్ లైన్లు, ఏటవాలుగా కట్టేవి స్ప్రింగులు. ఓడను ముందువెనకలు జారకుండా పట్టేవి స్ప్రింగులే. బిగిసిన మోకు తెగితే మనిషిని చంపేంత వేగంతో వెనక్కి కొడుతుంది. అందుకే అది కొట్టే జాగాలో కాలు పెట్టకపోవడం ఈ పనిలో మొదటి పాఠం. విశాఖ, కాకినాడ రేవుల్లో మోకులు పట్టేవాళ్ళు ఇది చూస్తే ఓడ సైజుకు ఆశ్చర్యపోవచ్చు గానీ పనిలో వాళ్ళకు కొత్తగా చెప్పాల్సిందేమీ ఉండదు.

మోకులు బిగిసి, మెట్లవంతెన ఆనుకుని, అధికారులు సరేననగానే ఓడ పక్క తలుపులు తెరుచుకుంటాయి. నా దృష్టిలో టర్నరౌండ్ రోజు కథంతా ఈ తలుపులదే. పైన మనుషులు దిగే దారి వేరు. కింద నీటిమట్టానికి దగ్గరలో కొద్దిపాటి తలుపులుంటాయి. వాటిలోంచే వేల పెట్టెలు బయటికి, వేల పెట్టెలు లోపలికి. వారానికి సరిపడా తిండి లోపలికి, వారం చెత్త బయటికి. కూరగాయలు వచ్చే దారిలో చెత్త పోకూడదు. ఫోర్క్‌లిఫ్టులు తిరిగేచోట మనుషులు నడవకూడదు. ఏ లారీ ఎన్ని గంటలకు ఏ తలుపు ముందు ఆగాలో ముందే రాసి ఉంటుంది.

సామాను సంగతి చూసే ఉద్యోగిని ప్రొవిజన్ మాస్టర్ అంటారు. ఇదే కంపెనీకి చెందిన, ఐకాన్ కంటే చిన్నదైన 'సింఫనీ ఆఫ్ ది సీస్'లో వారానికి కోడిగుడ్లే దాదాపు 60 వేలు ఖర్చవుతాయి. గుడ్లు తెప్పించడం గొప్ప కాదు, డబ్బుంటే ఎవరైనా తెప్పిస్తారు. పాలు, చేపలు, మాంసం, ఆకుకూరలు దేనికది వేరే శీతలగదిలో పడాలి. పాత సరుకు ముందుకు, కొత్తది వెనక్కి జరగాలి. ఎండలో బెర్తు మీద ఐస్‌క్రీం పాలెట్ నిలబడే సమయం నిమిషాల్లో ఉండాలి. లేత పాలకూర నాలుగు రోజులు ఆగదు, క్యాబేజీ ఆగుతుంది. కనుక వారంలో ఏ రోజు ఏ సలాడ్ వడ్డించాలనేది కూరగాయల ఆయుష్షును బట్టి ఉంటుంది. సముద్రం మధ్యలో కొత్తిమీర అయిపోయిందని పక్క వీధికి కుర్రాణ్ణి పంపే వీలు లేదు.

ఇదంతా జరుగుతుండగా అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా రావచ్చు. వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సి.డి.సి., 1970ల నుంచి నడుపుతున్న నౌకల పారిశుధ్య కార్యక్రమం ఇది. నూటికి 86 వస్తే పాసు, 85 వస్తే ఫెయిలు. మార్కులు అందరూ చూసేలా ప్రకటిస్తారు. వంటింట్లో మాంసం ఉష్ణోగ్రత నుంచి ఈతకొలనులో క్లోరిన్ దాకా అన్నీ కొలుస్తారు. వారంలో అతి రద్దీ పనిదినాన పరీక్ష పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పైన ఇంకో లెక్క నడుస్తోంది. దిగే ప్రతి మనిషి కార్డూ గుమ్మం దగ్గర ఒకసారి గీస్తారు. పాత ప్రయాణికుల లెక్క సున్నాకు రావాలి. ఆ సున్నా వచ్చి, కస్టమ్స్‌వాళ్ళు తేల్చేదాకా కొత్తవాళ్ళలో ఒక్కరినీ ఎక్కనివ్వరు. ఎక్కడో ఒకాయన నిద్ర లేవడు, ఇంకొకామె మూడోసారి కాఫీ తాగుతుంటుంది. మైకులో పేర్లు పిలుస్తారు. టెర్మినల్‌లో వేల మంది, వాళ్ళకోసం తెరవాల్సిన గదులు 2,805, అన్నీ ఆ ఒక్క కాఫీ మీద ఆగి ఉంటాయి.

గదుల పని చూడండి. ఒక్కో గది అటెండెంట్‌కు ఇన్ని గదులని పంచి ఇస్తారు. ఒక గది మొదలుపెట్టి అది పూర్తయ్యాక రెండోది పట్టుకుంటే మధ్యాహ్నానికి సగం కూడా కావు. అందుకే పనిని గదుల ప్రకారం కాక పనుల ప్రకారం కోస్తారు. ముందు వరుసగా అన్ని గదుల దుప్పట్లు, తువ్వాళ్ళు లాగేసి కిందికి పంపుతారు, అప్పుడే లాండ్రీ యంత్రాలకు పని దొరుకుతుంది. తర్వాత బాత్రూములు. పరుపులు సర్దడం ఆ తర్వాత. దుమ్ము తీయడం చివర, ఎందుకంటే దుప్పటి విదిలిస్తే దుమ్ము లేస్తుంది. వెనకాలే సూపర్‌వైజరు వచ్చి మంచం కింద తొంగి చూస్తాడు. పాతవాళ్ళు మరిచిపోయిన చార్జరు కొత్తవాళ్ళకు కనిపించకూడదు. మధ్యాహ్నం భోజనం ముగించి వచ్చిన కొత్త ప్రయాణికుడు తలుపు తీసి, ఈ గది తనకోసమే పుట్టిందనుకుంటాడు. ఆ భ్రమ కోసమే ఈ హడావిడంతా.

ఈ పనులన్నిటికీ నడుమ కింది డెక్కులో ఓడ పొడవునా ఒక వెడల్పాటి నడవా ఉంటుంది. సిబ్బంది దాన్ని 'ఐ-95' అని పిలుస్తారు, అమెరికా తూర్పు తీరపు పెద్ద హైవే పేరు మీద. వంటవాళ్ళు, నర్తకులు, ప్లంబర్లు, ఆఫీసర్లు అందరూ అక్కడే ఎదురుపడతారు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టులు. టర్నరౌండ్ రోజే సిబ్బందిలోనూ కొందరు పెట్టె సర్దుకుని ఇంటికి పోతారు, కొందరు కొత్తగా వచ్చి అదే రోజు భద్రతా శిక్షణకు కూర్చుంటారు. రేవులో ఉన్నా అందరూ ఊళ్ళోకి పోలేరు. నిప్పంటుకుంటే ఆర్పడానికి కొంతమంది ఓడలోనే ఉండి తీరాలి, వంతులవారీగా.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఈ పనిని మెచ్చుకోవడం న్యాయం కాదు. వ్యాపారం మయామీది, ఓడ మీద జెండా బహామాస్‌ది. అమెరికా జీతాల చట్టాలు ఈ డెక్కుల దాకా రావు. 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం నావికుడికి రోజులో కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలి, దాన్ని రెండు ముక్కలకు మించి కోయకూడదు, ఒక ముక్క ఆరు గంటలకు తగ్గకూడదు. అంటే పద్నాలుగు గంటల పని చట్టబద్ధమే. ప్రయాణికుడి సెలవు ఆ పద్నాలుగు గంటల మీద నిలబడి ఉంది.

సాయంత్రానికి రెండు పనులు మిగులుతాయి, రెండింటి వెనకా చావులున్నాయి. మొదటిది తలుపులు మూయడం. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రూగ రేవు నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఫెర్రీ ముందు తలుపు తెరిచి ఉండగానే బయలుదేరింది. నీళ్ళు లోపలికి వచ్చి నిమిషాల్లో పక్కకు ఒరిగిపోయింది. 193 మంది పోయారు. తలుపు మూసిందీ లేనిదీ బ్రిడ్జి మీద దీపాలు చూపించాలన్న నియమం దాని తర్వాతే బిగిసింది. రెండోది మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో ప్రయాణికులకు ముందే నేర్పడం. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర 'కోస్టా కాంకోర్డియా' రాయిని గుద్దుకుని 32 మందిని బలి తీసుకుంది. ఆ సాయంత్రమే చివితవెక్కియాలో ఎక్కిన వందల మందికి అప్పటికి డ్రిల్ జరగలేదు, ఇరవై నాలుగు గంటల్లోపు చేస్తే చాలన్నది అప్పటి నియమం. 2015 నుంచి బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో డ్రిల్ జరిగి తీరాలి. ఇప్పుడు ఫోన్లో వీడియో చూసి, తన మస్టర్ స్టేషన్‌కు వెళ్ళి హాజరు వేయించుకుంటే అయిపోతుంది.

మన విశాఖ సంగతీ ఇక్కడే అనాలి. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు వచ్చిన కార్డేలియా వారి 'ఎంప్రెస్' ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే. 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అన్న పేరుతో మయామీ నుంచే బహామాస్‌కు చిన్న యాత్రలు చేసింది. ఆ ఓడ విశాఖకు వచ్చిన మరుసటి ఏడాది సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. ఓడ పొద్దున వచ్చి, జనం కైలాసగిరి చూసి, రాత్రికి పోవడం ఒక పని. విశాఖలోనే యాత్ర ముగించి విశాఖలోనే కొత్తది మొదలుపెట్టడం పూర్తిగా వేరే పని. దానికి వారానికి సరిపడా సరుకు గంటల్లో తెచ్చే సరఫరాదారులు కావాలి, తెల్లవారే విమానాలు కావాలి, పెట్టెల వరస తెలిసిన కూలీలు కావాలి. భవనం కట్టడంకన్నా ఇదే కష్టం, రేవుకు నిలకడైన జీవనం ఇచ్చేదీ ఇదే.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులను క్రూజ్ ఎక్కించడం ఇప్పుడు మామూలైంది. మీకూ ఆ యోగం పడితే ఎక్కిన వెంటనే, బఫేకి పరిగెత్తకముందు, మస్టర్ స్టేషన్‌కు వెళ్ళి రండి. చివరి రోజు పొద్దున గది ఎనిమిదికి ఖాళీ చేయమంటే ఎనిమిదికే ఖాళీ చేయండి. ఆ గదిలో మరొకరు మధ్యాహ్నానికి అడుగు పెట్టాలి. మధ్యలో ఒక మనిషి దాన్ని శుభ్రం చేయాలి, అతని వంతుకు అలాంటి గదులు ఇంకా చాలా ఉంటాయి.