తక్కెడ పట్టిన జడ్జి

పాత తీర్పులు చదవడం వకీలుగా నాకు తప్పని పని. అవసరం లేకపోయినా తీసి చదివేవి మాత్రం కొన్నే. వాటిలో లర్నెడ్ హ్యాండ్ రాసినవి ఎక్కువ. (పేరు చూసి బిరుదు అనుకునేరు, ‘లర్నెడ్’ తల్లి పుట్టింటివారి ఇంటిపేరు.) 1909లో న్యూయార్క్‌లో ఫెడరల్ జిల్లా జడ్జి అయ్యారు, 1924లో అప్పీళ్ల కోర్టుకు వెళ్లారు. 1961లో పోయేదాకా జడ్జిగానే ఉన్నారు. సుప్రీంకోర్టు మాత్రం దక్కలేదు.

లా కాలేజీల్లో ఆయన పేరు నిలబెట్టింది ఒక బార్జీ. 1944 జనవరిలో న్యూయార్క్ రేవులో పిండి సరుకుతో ఉన్న ‘అన్నా సి’ కట్లు తెగి కొట్టుకుపోయి, ఒక ట్యాంకరుకు తగిలి, అడుగున చిల్లుపడి మునిగింది. దానిమీద ఉండాల్సిన మనిషి ఆ సమయంలో లేడు. అది తప్పేనా? 1947 తీర్పులో హ్యాండ్ లెక్క కట్టారు: ప్రమాదం జరిగే అవకాశాన్ని జరిగితే వచ్చే నష్టంతో గుణించండి, జాగ్రత్తకయ్యే భారం అంతకన్నా తక్కువైతే, జాగ్రత్త పడకపోవడం తప్పే. యుద్ధకాలం, రద్దీ రేవు, జనవరి పొట్టి పగళ్లు అన్నీ తూచి, పనివేళల్లో మనిషి ఉండాల్సిందే అన్నారు. ఏ పడవవాడికైనా అర్థమయ్యే న్యాయం!

మూడేళ్లకు అదే తక్కెడలో మాటను తూచారు. తమ మాటలకు శిక్షపడిన పదకొండుమంది కమ్యూనిస్టు పార్టీ నాయకుల అప్పీలు 1950లో ఆయన ముందుకొచ్చింది. ముంచుకురాగల కీడు ఎంత పెద్దది, అది జరిగే అవకాశం ఎంత అని చూసి శిక్షలు ఖాయం చేశారు. కొరియా యుద్ధం అప్పుడే మొదలైంది. భయం నిండిన రోజుల్లో కీడు ఎప్పుడూ బరువుగానే తూగుతుంది. బార్జీకి సరిపోయిన లెక్క నోటికి సరిపోదని నా అభిప్రాయం.

ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. 1917లో, యుద్ధాన్ని వ్యతిరేకించిన ‘ది మాసెస్’ పత్రికను తపాలాలో పంపబోమని పోస్టుమాస్టరు అడ్డుపడితే, హ్యాండ్ పత్రిక పక్షాన నిలిచారు. ఫలితాలను ఊహించి శిక్షించొద్దు, చట్టాన్ని ఉల్లంఘించమని ఆ మాటలు నేరుగా పురిగొల్పుతున్నాయా అన్నదే చూడండి అన్నారు. అప్పీళ్ల కోర్టు ఆ ఏడే ఆ తీర్పును కొట్టేసింది.

1951లో అదే కమ్యూనిస్టు నాయకుల కేసులో సుప్రీంకోర్టు తీసుకున్నది ఆయన తక్కెడనే. 1917 నాటి ఆయన మాటకు దగ్గరగా ఆ కోర్టు వచ్చింది 1969లో, ఆయన పోయిన ఎనిమిదేళ్లకు.