మూడో రెండొందలు

పద్నాలుగు నెలల తర్వాత ఛాతీ మీద నంబరు పెట్టుకున్నాను. నాలుగు పిన్నీసుల్లో మూడు బనియన్‌కే గుచ్చాను, నాలుగోది వేలికి గుచ్చుకుంది. పక్కనే వార్మప్ చేస్తున్న రిటైర్డ్ కండక్టర్ పెద్దాయన నన్ను చూసి ఆగాడు. అరవై దాటినవాళ్ల గుంపులో ఆయన్ను ఓడించిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

"ఏం సారూ, కాలు మంచిగైందా? మళ్ల ఉరుకుతున్నవా?"

ఉరుకుతున్నానన్నాను.

"ఉరుకుడు వేరు, రేసు వేరు. పైలం," అని తన దారిన తాను వెళ్లిపోయాడు.

హనుమకొండ జేఎన్‌ఎస్ స్టేడియం, డిసెంబరు పొద్దు. భద్రకాళి చెరువు వైపు నుంచి వచ్చిన మంచు ట్రాక్ మీద ఇంకా పూర్తిగా విడిపోలేదు. జిల్లా స్థాయిలో వెటరన్లకు పెట్టిన చిన్న పోటీ అది. చూడ్డానికి వచ్చినవాళ్లు పాతికమంది ఉంటే ఎక్కువ, అందులో సగం మా భార్యాపిల్లలే. నలభై దాటినవాళ్ల ఎనిమిది వందల మీటర్లలో నాది ఐదో లేన్. పెద్దాయన అన్న మాట అప్పటికి చెవిన వేసుకోలేదు. రెండున్నర నిమిషాలు గడిచేసరికి అది నా రేసుకు ముందే రాసిన రిపోర్టని తెలిసింది.

ముందు కాలు సంగతి. పిక్క కండ కిందికి దిగి మడమ ఎముకను పట్టుకునే చోట ఒక దళసరి తాడు ఉంటుంది. డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు. నిజానికి అది నరం కాదు గానీ, ట్రాక్ మీద మేమంతా మడమ నరమనే అంటాం. దాని నొప్పికి ఒక మాయగుణం ఉంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే పట్టేస్తుంది. పది నిమిషాలు నడిస్తే వదులుతుంది. పరుగు మొదలుపెడితే అసలు నొప్పంటూ ఉండేదా అనిపిస్తుంది. నేను ఆ మాయలో ఏడు నెలలున్నాను. ఒక సాయంత్రం కొత్త స్పైక్స్ వేసుకుని మూడొందల మీటర్ల రిపీట్స్ ఆరు కొట్టాను. స్పైక్స్‌కు మడమ ఎత్తుండదు, అడుగడుగునా ఆ తాడు మరింత సాగాలి. పైగా ఆరోది అన్నింటికంటే వేగంగా కొట్టి, గడియారం చూసుకుని మురిసిపోయాను. మర్నాడు మా ఇంటి మెట్లు గోడ పట్టుకుని దిగాను.

మొదట చూసిన డాక్టరు గారు మూడు నెలలు పూర్తిగా రెస్టన్నారు. బుద్ధిమంతుడిలా రెస్టు తీసుకున్నాను. నొప్పి పోయింది. ట్రాక్ ఎక్కిన రెండో వారమే తిరిగొచ్చింది, ఈసారి వాపుతో సహా. కండకు రక్తం దండిగా అందుతుంది కాబట్టి దెబ్బ తగిలినా త్వరగా కోలుకుంటుంది. ఈ తాడుకు రక్తం తక్కువ, కాబట్టి తీరిగ్గా మానుతుంది. పడుకోబెడితే నొప్పి తగ్గుతుంది గానీ బలం రాదు. బలం రావాలంటే బరువు మోయించాలి. ఇదంతా తర్వాత చూసిన ఫిజియో అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. ఇరవై ఏళ్లుగా ఆ కాళ్లతోనే పరిగెత్తుతున్నవాణ్ణి!

స్వీడన్‌లో హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరు ఉన్నాడు. ఆయనకూ ఇదే నొప్పి. ఆపరేషన్ చేయమంటే పైడాక్టరు కుదరదన్నాడట. అయితే దీన్ని పూర్తిగా తెంపుకుని వస్తాను, అప్పుడెలా చేయరో చూస్తానని పంతం పట్టి, మునివేళ్ల మీద నిలబడి మడమను కిందికి దించడం మొదలుపెట్టాడు, నొప్పి పుట్టినా ఆపకుండా. తాడు తెగలేదు సరికదా, నయమైపోయింది. ఆ తర్వాత 15 మంది రన్నర్ల చేత 12 వారాలు అదే చేయించి 1998లో ఫలితం అచ్చు వేయించాడు. 15 మందీ మళ్లీ పరుగులో పడ్డారు. మొండితనం వల్ల కలిగిన మేలు గురించి నాకు తెలిసిన కథల్లో ఇదే గొప్పది.

ఆ లెక్క ప్రకారం మోకాలు చాచి పదిహేనేసి మూడుసార్లు, మోకాలు వంచి పదిహేనేసి మూడుసార్లు, మెట్టు అంచు మీద నిలబడి మడమ దించాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజుకు 180. నొప్పి తగ్గేకొద్దీ వీపు మీద బరువు పెంచుకుంటూ పోవాలి. బరువు కోసం వెతకాల్సిన పని పడలేదు, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆ పిల్ల స్కూల్ బ్యాగు తగిలించుకుని మెట్ల మీద నేను లేస్తూ దిగుతూ ఉంటే, మా అమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "నలభై మూడేండ్లొచ్చినయి, సదువుకునేటప్పుడు మొయ్యని సంచి ఇప్పుడు మోస్తున్నవారా," అనేది.

కొన్ని నెలలకు చెరువు కట్ట మీద ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. తర్వాత రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. వర్షాలు వెనకబట్టేసరికి ఐదు కిలోమీటర్లు ఆగకుండా వెళ్లగలిగాను. దసరా నాటికి ట్రాక్ మీద నాలుగొందలు 66 సెకన్లలో కొట్టాను. ఊపిరి వచ్చింది, కాలు వచ్చింది. పెద్దాయన భాషలో చెప్పాలంటే ఉరుకుడు వచ్చింది.

రేసు రాలేదు. అది రాలేదని రేసులో దిగితే గానీ తెలియదు. ఇందులో ఉన్న చిక్కే అది.

ఎనిమిది వందలను మేం నాలుగు రెండొందలుగా లెక్కేసుకుంటాం. మొదటిదాన్ని మనం పరిగెత్తనక్కర్లేదు, గుండెల్లో ఉన్న దడే పరిగెత్తిస్తుంది. రెండోదాంట్లో గుంపు లాక్కుపోతుంది. నాలుగోదాంట్లో ఫినిష్ లైన్ కనిపిస్తూ ఉంటుంది. మూడోదానికి మాత్రం దిక్కెవరూ ఉండరు. చివరి లాప్ గంట కొట్టిన దగ్గర్నుంచి ఆవలి స్ట్రెయిట్ చివరిదాకా ఉండే ఆ రెండొందల్లో తొడలు సీసం పోసినట్టు అవుతాయి, ఊపిరి చాలదు, చివర ఇంకా కంటికి ఆనదు. అక్కడ ప్రతివాడూ తనకు తెలియకుండానే కాస్త తగ్గుతాడు. తక్కువ తగ్గినవాడు గెలుస్తాడు. ఈ ఆటలో పనితనమంతా ఆ ముప్పై అయిదు సెకన్లలోనే ఉంది.

దెబ్బ నుంచి లేచి వచ్చినవాడికి సరిగ్గా అక్కడే చిక్కు ఎదురవుతుంది. పద్నాలుగు నెలలుగా నాకు నేర్పింది ఒక్కటే, కాలు చెప్పేది వినడం. ఫిజియో అమ్మాయి ప్రతిసారీ అడిగేది, "పదికి ఎంత, సార్?" నొప్పి పదికి మూడో నాలుగో అయితే ఫరవాలేదు, కానీ మర్నాటి పొద్దుటికి తగ్గిపోవాలి. ఐదు దాటితే ఆపేయాలి. ఆ ప్రశ్న నాలో ఎంత ఇంకిపోయిందంటే కూరగాయలకు వెళ్తూ కూడా పదికి ఎంతో వేసుకునేవాణ్ణి. నయం కావాలంటే అది తప్పదు. అదే మనిషి మూడో రెండొందల్లోకి వచ్చి అదే ప్రశ్న వేసుకుంటే పని అయిపోయినట్టే. ఆ చోట ఒళ్లు చెప్పే ఏ మాటా వినకుండా ఉండాలి. పద్నాలుగు నెలల్లో ఏ ఫిజియో దగ్గరైనా వినడం నేర్చుకోవచ్చు. వినకపోవడం నేర్పేవాళ్లు ఎక్కడా దొరకరు.

జిన్సన్ జాన్సన్‌ను చూసి కొంత ధైర్యం తెచ్చుకున్నాను. ఆయనదీ మడమ నరమే. 2018 ఆసియా క్రీడల్లో 1500 మీటర్ల స్వర్ణం, మరుసటి ఏడు బెర్లిన్‌లో 3:35.24తో జాతీయ రికార్డు, ఆ వెంటనే గాయం. టోక్యో ఒలింపిక్స్ పోయింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 1500లో కాంస్యం తెచ్చుకున్నాడు. హర్మిలన్ బైన్స్ మాకు ఇంకా దగ్గర మనిషి. నేను పిన్నీసు గుచ్చుకున్న ఈ ట్రాక్ మీదే, 2021 సెప్టెంబరులో నేషనల్ ఓపెన్ జరిగినప్పుడు 1500 మీటర్లు 4:05.39లో పరిగెత్తి, 2002 నుంచి సునీతా రాణి పేరు మీదున్న రికార్డును తీసేసింది. తర్వాత మోకాలు ఇబ్బంది పెట్టింది. తిరిగొచ్చి హాంగ్‌జౌలో 800లో, 1500లో రెండు రజతాలు గెలిచింది. ఆ 1500లో ఆమె టైము 4:12.74. హనుమకొండ టైముకంటే ఏడు సెకన్లు ఎక్కువ. గడియారాన్నే నమ్ముకున్నవాళ్లు దాన్ని వెనకబడటం అంటారు. ఆసియా రజతం వచ్చింది మాత్రం ఆ టైముకే. రేసులో పక్కవాళ్లతో పని, గడియారంతో కాదు.

ఈ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం కెన్యా 800 మీటర్ల రన్నర్ డేవిడ్ రుడీషాను చూశాకే. లండన్ 2012 అందరూ చూసే ఉంటారు. మొదటి అడుగు నుంచి తనే ముందుండి, తొలి లాప్ 49.28లో, రెండోది 51.63లో ముగించి, 1:40.91తో ప్రపంచ రికార్డు పెట్టిన రేసు. ముందు పేస్ ఇచ్చేవాడు లేకుండా ఒలింపిక్ ఫైనల్లో అలా పరిగెత్తడం అందం, అహంకారం రెండూ కలిసిన పని. మరుసటి ఏడు మోకాలికి గాయమైంది. మాస్కో ప్రపంచ పోటీలకు వెళ్లలేదు. ఏడాది తర్వాత, 2014 మే నెలాఖరున అమెరికాలోని యూజీన్‌లో మళ్లీ రేసులో దిగాడు. ప్రపంచ రికార్డు పెట్టుకున్నవాడు ఆ రోజు ఏడోవాడుగా వచ్చాడు. ఆ వేసవిలోనే గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో లండన్‌లో తన వెనక వచ్చిన నైజెల్ అమోస్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నాడు.

ఆ పైన 2015 బీజింగ్ ప్రపంచ పోటీల ఫైనల్. మెట్ల మీద మడమ దించుతూ, ఫోను పిట్టగోడకు ఆనించుకుని నేను ఎక్కువసార్లు చూసింది ఈ రేసునే. రుడీషా ఎప్పటిలాగే ముందుకు వచ్చాడు, కానీ వేగం పెంచలేదు. తొలి లాప్‌కు 54 సెకన్లు దాటాయి. లండన్‌తో పోలిస్తే దాదాపు ఐదు సెకన్లు మెల్లగా. వెనక ఉన్నవాళ్లు ఒకరి మోచేతులు ఒకరికి తగిలించుకుంటున్నారు. ముందున్నవాణ్ణి దాటుదామా, ఉందామా అని వాళ్లు తేల్చుకోలేకపోతున్నారు. ముందున్నవాడు మాత్రం ఎప్పుడు కదలాలో తనే నిర్ణయించుకుంటున్నాడు. తర్వాత ఒక్కసారి విసురు. రెండో లాప్ 52 సెకన్ల లోపు. మొత్తం 1:45.84, తన రికార్డుకు దాదాపు ఐదు సెకన్లు దూరం, స్వర్ణం.

నిదానమైన రేసు, చప్పగా ఉందన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. లండన్‌లో గెలిపించింది ఆయన కాళ్లు. గాయం ఆ కాళ్ల మీది ధీమాలో కొంత తీసుకెళ్లిపోయాక, మిగిలిన కాళ్లతో ఎలా గెలవాలో బీజింగ్‌లో చూపించాడు. ఒంటిని ఎక్కువ అడగకుండా మొదటి నాలుగొందలు దాటించి, అడగాల్సిందంతా వెనక దాచిపెట్టాడు. మరుసటి ఏడు రియోలో మళ్లీ ఒలింపిక్ స్వర్ణం, 1:42.15. అక్కడ తొలి లాప్‌లో ఆయన ముందు కూడా లేడు. ఆ పని తన దేశం కుర్రాడికే వదిలేసి వెనకాల వెళ్లాడు.

ఇక నా రేసు. తుపాకీ లేదు, చెక్క క్లాపర్. వంపు దాటాక లోపలి లేన్‌లోకి దిగే చోట కోన్లు లేవు, ఒక పీఈటీ సారు ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు. బీజింగ్ పాఠం గుర్తు పెట్టుకుని నెమ్మదిగా మొదలెట్టాను. రుడీషా ముందుండి నెమ్మదించాడని, నేను వెనకుండి నెమ్మదిస్తున్నానని నాకు తట్టలేదు. ఇద్దరి వెనక ఇరుక్కున్నాను, పక్కన మూడోవాడు. తొలి రెండొందలు 33, రెండోది 35. గంట మోగింది. బడిగంట, ఇనుప పలక మీద సుత్తితో కొట్టేది. 1:08. ఒంట్లో ఇంకా ఉంది. ఇరుకులోంచి బయటికి రావాలంటే ఒక్క అడుగు పక్కకు గట్టిగా నొక్కి వేయాలి, ఎడమ కాలి మీద. అదే కాలు.

పదికి ఎంత?

మూడు, అనుకున్నాను. అసలది నొప్పేనా అని కూడా అనుకున్నాను. ఈ అనుకోవడాలు అయ్యేసరికి వెనక నుంచి ఇద్దరు దాటిపోయారు. మూడో రెండొందలు 39 సెకన్లు. రెండేళ్ల కిందట మంచి రోజున అదే ముక్క నాకు 35.

చివరి వంపు దగ్గర కంచె అవతల నుంచి కండక్టర్ పెద్దాయన గొంతు వినబడింది. "కింద జూడకు సారూ, ముంగట జూడు!" కాలి వైపు చూస్తూ పరిగెత్తుతున్నానని అప్పుడే తెలిసింది. తలెత్తాను. ముందు నీలం బనియన్. ఖమ్మం నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి. ఆ వంద మీటర్లలో కాలు ఏమన్నదో నాకు గుర్తు లేదు, ఏమీ అనలేదేమో కూడా. గీత దగ్గర ఆయన్ను దాటాను.

ఎనిమిది మందిలో ఆరో స్థానం. 2:23. నా మంచి టైముకు పది సెకన్లు దూరం. ఇంటికి వస్తూ పాలపొడి, మా అమ్మాయికి గ్రాఫ్ బుక్ తీసుకున్నాను. ఆరోవాడుగా వచ్చానని చెబితే, "ఎంతమందిల?" అని అమ్మ అడిగింది. ఎనిమిది అన్నాను. "ఇంక ఇద్దరున్నరు గదా ఎనుక," అంది.

మర్నాడు సోమవారం. మంచం దిగి మొదటి అడుగు వేశాను. పదికి రెండు. మెట్ల దగ్గరికెళ్లి పొద్దుటి తొంభై బరువు లేకుండానే దించాను. బ్యాగు అప్పటికే స్కూలుకు వెళ్లిపోయింది.