అమెరికా ప్రాంతీయాంగ్ల నిఘంటువు

ఈ నిఘంటువునకై ఫ్రెడెరిక్ కాసిడీ పండితుని యాధ్వర్యమున 1965–70 సంవత్సరములలో 1,002 ఊళ్ల పలుకుబడులు సేకరింపబడినవి. పదసంపుటము లైదు 1985 మొదలు 2012 వరకు వెలువడెను. శ్లాఘ్యమైన కృషి. కాని సమాధానము లిచ్చినవారిలో వృద్ధులే యధికులు. అంతరించుచున్న మాటలకు అది మేలే; వీథిమాటలను బుట్టించువారు యువకులు గదా! వాని నెరుగగోరు చదువరికి ఇది చాలదు.

బోస్టనువాడు ‘మిక్కిలి’ యనుటకు, దుష్టార్థకమగు ‘వికెడ్’ వాడును. ఉత్తర కాలిఫోర్నియావాడు ‘హెల్లా’ యనును. ఫిలడెల్ఫియావారి ‘జాన్’ మరియు విచిత్రము: రొట్టెయు జానే, ఇల్లును జానే, పాటయు జానే. నల్లజాతివారి ‘జాయింట్’ శబ్దమే యిట్లు మారెనందురు. ఇవి భ్రష్టరూపములని మన యింగ్లీషు ఉపాధ్యాయులు ముక్కు విరుతురు. గోశబ్దమునకు గావీ, గోణీ యను రూపములను పతంజలియు నపశబ్దము లనెను. అయినను వ్రాసి యుంచెను. ‘జాన్’కు ‘వస్తువు’ అని యొక్క మాట వ్రాసి యూరకున్న జాలదు. ఆ వీథికే పోయి కుఱ్ఱవాండ్రనే యడిగి వ్రాయవలెను.