వంచాలి, మోపొద్దు

మోకాలి ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లకు వ్యాయామాలు నేర్పడానికి వెళ్తే చాలా ఇళ్లల్లో నాకు ముందు కనిపించేది దిండు. మోకాలి కింద మెత్తగా దిండు, దాని మీద కదలని కాలు. "కుట్లు విడిపోతాయేమోనండీ" అని ఆస్పత్రి నుంచి వచ్చింది మొదలు వంచనే వంచరు. అదే మనిషి "బాత్రూమ్ దాకానేగా" అంటూ గోడ పట్టుకుని ఆ కాలి మీదే నడిచేస్తాడు. వంచాల్సినప్పుడు వంచరు, మోపకూడనప్పుడు మోపుతారు. ఫిజియోథెరపిస్టుగా నా పనిలో సగం ఈ తలకిందుల వ్యవహారాన్ని సరిచేయడమే.

ఇదంతా మోకాలి కింద ఉండే టిబియా ఎముక పైకొస విరిగినవాళ్ల గురించి. ఆ పైకొస బల్లపరుపుగా ఉంటుంది, తొడ ఎముక వచ్చి కూర్చునేది దాని మీదే. డాక్టర్లు దాన్ని టిబియల్ ప్లాటో అంటారు. 1929లో అమెరికాలో కాటన్, బెర్గ్ అనే ఇద్దరు వైద్యులు, కారు ముందుభాగం గుద్దుకుని ఈ ఎముక విరగడానికి 'ఫెండర్ ఫ్రాక్చర్' అని పేరు పెట్టారు. మన ఊళ్లల్లో కారు దాకా అక్కర్లేదు. వానకు జారిన బైకు చాలు, ఎముకలు గుల్లబారిన పెద్దావిడైతే మెట్టు తప్పినా చాలు.

ఈ రోగులకు అసలు ప్రమాదం పరామర్శకు వచ్చే చుట్టంతో. "మా బావగారు మోకాలి మార్పిడి చేయించుకుని మర్నాడే నడిచారు, నీకింకా ఈ వాకరేంట్రా?" అని ఓ మాట పడేసి, కాఫీ తాగి వెళ్లిపోతాడు. ఆయన వెళ్లిన సాయంత్రమే వాకర్ మూలకు చేరుతుంది. బావగారి సంగతి వేరు. అరిగిన కీలు పైభాగాలను కోసేసి, లోహపు కీలు అమర్చి, సిమెంటుతో బిగించాక అది వెంటనే బరువు మోయగలదు. ప్లాటో విరిగినప్పుడు సర్జన్ చేసేది ఇంకో పని. కుంగిన కీలు పైభాగాన్ని కింది నుంచి పైకి లేపుతాడు. కింద మిగిలిన ఖాళీలో అవసరమైతే తుంటి దగ్గర నుంచి తీసిన ఎముక ముక్కలు కూరతాడు. పక్కన ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తాడు. ఎముక అతుక్కునేదాకా ముక్కలను కదలకుండా పట్టుకోవడమే ఆ ప్లేటు పని. దాన్ని నమ్ముకుని ముందే ఒంటి బరువంతా వేస్తే లేపిన చోటు మళ్లీ కుంగవచ్చు. ఆ పూట పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. కాలు పక్కకు వంగడం, కీలు అరగడం తర్వాతెప్పుడో బయటపడతాయి.

అందుకే చాలామంది సర్జన్లు 6 నుంచి 12 వారాల దాకా పూర్తి బరువు వద్దంటారు. ఎముక గట్టిదై, బిగింపు బాగా కుదిరితే కొందరు ఇంకా ముందే కొద్దికొద్దిగా మోపనిస్తున్నారు. ఇందులో తీర్పు చెప్పడానికి నేనెవర్ని? లోపల స్క్రూ ఎంత గట్టిగా పట్టిందో చేతికి తెలిసింది ఆపరేషన్ చేసినవారికే.

వంచడం దగ్గర మాత్రం నేను గట్టిగానే పోరతాను. జనం 'గుజ్జు' అనే కార్టిలేజ్‌కు రక్తనాళాలుండవు. కీలులోని ద్రవమే దానికి ఆహారం, అది లోపలికి ఇంకాలంటే కీలు కదలాలి. 1970ల్లో టొరంటోలో రాబర్ట్ సాల్టర్ కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి, కదుపుతూ ఉంచిన కీలులో కార్టిలేజ్ మెరుగ్గా మానుతుందని చూపించాడు. మోకాలిని దానంతటదే వంచి చాపే యంత్రం అలా పుట్టిందే. అది అద్దెకు దొరకలేదని దిగులు పడక్కర్లేదు. సర్జన్ సరేనన్న మేరకు, మంచం మీద మడమను పిరుదుల వైపు జరుపుతూ తీసినా పని జరుగుతుంది. మామూలు నడకకు 60, 70 డిగ్రీల వంపు సరిపోతుంది, మెట్లకు 90 దాకా కావాలి. బాసింపట్టు వేసుకుని పీట మీద కూర్చోవాలన్నా, గొంతుకూర్చోవాలన్నా 120 దాటాలి. ఆ చివరి డిగ్రీలు అందరికీ తిరిగి రావు. మొదటి వారాలు దిండుకిచ్చేస్తే అసలే రావు. దిండు వల్ల ఇంకో నష్టం, మోకాలు పూర్తిగా చాచుకోవడం మరిచిపోతుంది. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టుకోండి, మోకాలి కింద వద్దు.

కొంచెం మోపవచ్చని అనుమతి వచ్చాక నా వృత్తిలోకెల్లా కష్టమైన పాఠం మొదలవుతుంది. "పది కిలోలు మోపండి" అంటే ఎవరికి తెలుస్తుంది? అరవై కిలోల మనిషి కాలి బరువే దాదాపు పది కిలోలుంటుంది. కాబట్టి మొదట పాదాన్ని ఊరికే నేలకు ఆనించమంటాను, కింద అప్పడం ఉందనుకుని, అది విరక్కుండా. తర్వాత బరువు చూసుకునే మిషన్ మీద దెబ్బ కాలు, అంతే ఎత్తు పుస్తకాల మీద మంచి కాలు పెట్టించి, వాకర్ మీద చేతుల భారం వేస్తూ ముల్లు పది దగ్గర ఆగేలా చూస్తాను. అయినా నాలుగడుగులు వేసేసరికి ఎక్కువే వేస్తారు. మళ్లీ మిషన్ ఎక్కిస్తాను. ఈ పనికి ఓపిక తప్ప అడ్డదారి నాకింతవరకూ దొరకలేదు.

పథ్యం గురించి ఒక్క మాట. పప్పు తింటే చీము పడుతుందని మానేసి, చారన్నంతో కాలం గడుపుతూ "తొడ సన్నబడిపోయిందమ్మా" అంటారు. పుండు మానాలన్నా, కండ పెరగాలన్నా కావలసినవి ఆ పప్పూ గుడ్డూ పెరుగే. మానాల్సింది సిగరెట్టు, అది ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా నాకు ఫోన్ చేయకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. అది రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టిన లక్షణం కావచ్చు.

ఇక నా ఫిర్యాదు. నా దగ్గరకొచ్చే డిశ్చార్జి కాగితాల్లో 'షాట్జ్‌కర్ టైప్ 2' అని ఉంటుంది. టొరంటో సర్జన్ జోసెఫ్ షాట్జ్‌కర్ ఈ ఫ్రాక్చర్లను ఆరు రకాలుగా విడగొట్టిన పద్ధతి అది. ఎన్ని స్క్రూలు వేశారో ఉంటుంది. ఎంత బరువు, ఎప్పటి నుంచి అన్నది మాత్రం చాలాసార్లు ఉండదు. 'ఫిజియోథెరపీ చేయించుకోండి' అన్న ఒక్క ముక్కతో సరి. సర్జన్లకు మనవి, ఇంకో రెండు లైన్లు రాయండి. మోకాలు ఎన్ని డిగ్రీల దాకా వంచవచ్చు, కాలి మీద ఎన్ని కిలోలు ఏ వారం నుంచి మోపవచ్చు. వారు మరిచిపోతే మీరు అడగండి, ఆ రెండు లైన్లు రాయించుకున్నాకే ఆస్పత్రి నుంచి బయల్దేరండి.