చీకటి అరలో సైనికుడు: వెల్స్ కథలో యుద్ధవాహనం

1903లో వెలువడిన హెచ్.జి. వెల్స్ కథ ‘ది లాండ్ ఐరన్‌క్లాడ్స్’, 1916 సెప్టెంబరులో సోమ్ యుద్ధరంగంలో తొలిసారి ప్రవేశించిన ట్యాంకును ముందే ఊహించిందన్నది ప్రసిద్ధమైన అభిప్రాయం. అయితే వాహనంకన్నా అందులో కూర్చున్న మనిషిని ఊహించడంలోనే వెల్స్ దూరదృష్టి ఎక్కువగా వ్యక్తమవుతుంది. ఆ సైనికుడు చీకటి అరలో కూర్చొని, కటకాల ద్వారా పడిన ప్రతిబింబంలో శత్రువును గుర్తించి, మీట నొక్కి తుపాకి పేలుస్తాడు. నేటి డ్రోన్ చోదకుని స్థితి దీనికి ఎంతో సన్నిహితం. కథను శౌర్యానికీ యంత్రానికీ మధ్య పోరుగా మాత్రమే చదివితే ఈ అంశం మరుగునపడుతుంది. విజేతలు కథాంతంలో కాఫీ తాగుతూ కనిపించే సాధారణ యువకులు. హత్య ఉద్యోగ విధిగా మారిన తీరు అక్కడే స్పష్టమవుతుంది. మీట నొక్కే వేలు సైతం అవసరంలేని స్వయంచాలిత వాహనాలు రూపొందుతున్న దశలో, ఆ హత్యకు బాధ్యులెవరన్న ప్రశ్నతో ఈ కథను పునఃపఠించవలసి ఉంది.